అల పేరు చెప్తేనే పొయ్యి వెలిగించిన ఆర్మూరు వంటమనిషి

సముద్రం మాట ఎత్తితే నాకు కొంచెం పొగరు. శ్రీకాకుళం తీరంలో పుట్టినదాన్ని, ఇసకలో దోగాడినదాన్ని కాబట్టి, అలల గురించి ఎవరు నోరు విప్పినా సరిదిద్దే హక్కు నాకు పుట్టుకతోనే వచ్చిందని నమ్మకం. హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే ప్రయాణం, తిరిగొచ్చాక ఇక్కడ రాయడం, ఇదీ నా అలవాటు. రెండేళ్ల నుంచి దానికి ఇంకో పిచ్చి తోడైంది. అలలకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో, ఏ మాటను ఎవరు ఎప్పుడు వాడతారో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. నిఘంటువుల్లోవి తేలిగ్గానే దొరికాయి. నీటి మీద బతికేవాళ్ల మాటల కోసం మా ఊళ్లో అప్పలరాజు మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన గల్ఫ్‌లో చేపల బోటు మీద చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి.

మావయ్య వల బాగుచేసుకుంటూ నవ్వాడు. "నన్నడుగుతావేటి పిల్లా! పుట్టిందగ్గర్నుంచి నీటి మీదే ఉన్నోలం, పేర్లెట్టుకుంటా కూకుంటామేటి? మాసేత పేర్లు సెప్పించినోడు ఒకడున్నాడు. ఆర్మూరోడు, మా బోటు వంటోడు. పొద్దున్నే ‘ఇయ్యాల ఏ కెరటం’ అని అడిగేవోడు. పేరు సెప్తేగాని పొయ్యి ఎలిగించేవోడు కాదు" అన్నాడు. సముద్రానికి అన్ని వందల కిలోమీటర్ల దూరంలో, పసుపు పండే ఊళ్లో, అలల పేర్లు తెలిసిన వంటమనిషా! నా పొగరుకు చురుక్కుమంది. ఆ రాత్రే మావయ్య దగ్గర ఆ వంటమనిషి రాజన్న పేరు, ఇప్పుడు అతను నడిపే హోటల్ ఆచూకీ తీసుకున్నాను.

మార్చి మొదటి వారంలో ఒక శనివారం, తెల్లవారి ఐదున్నరకు సికింద్రాబాద్‌లో బస్సెక్కాను. టికెట్టు మూడువందల పైచిలుకు. కామారెడ్డి దగ్గర టీకి పది నిమిషాలు ఆపాడు. అక్కడినుంచి కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు పండగే. ఎర్రజొన్న చేలు, మధ్యమధ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్ల బండరాళ్ల గుట్టలు, ఆర్మూరు దగ్గర పడేకొద్దీ గాలిలో ఉడికించిన పసుపు వాసన. తొమ్మిదిన్నరకు బస్సు దిగేసరికి ఆ వాసన నా చున్నీకి కూడా పట్టేసింది.

బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాను. పెర్కిట్ వైపు, పసుపు కళ్లాల దాకా నలభై రూపాయలు. డ్రైవరు ఖాజా భాయ్ తెల్ల గడ్డం మనిషి, కబుర్ల పోగు. "పసుపు కొంటానికి వచ్చిన్రా మేడమ్?" అని అడిగాడు. "కాదు భాయ్, అలల కోసం వచ్చాను" అన్నాను. ఆయన ఆటో పక్కకు తీసి, వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సముద్రం అలలా? మేడమ్, గీడ మాకు గోదారి నీళ్లే పైపులల్ల వస్తయ్!" సంగతి చెప్పాక ఆయనకూ హుషారొచ్చింది. "మా తాన లహర్ అంటం. మౌజ్ అని గూడ అంటరు. రాసుకోన్రి, రాసుకోన్రి" అని దిగేదాకా వదల్లేదు. నోటుపుస్తకంలో ఆర్మూరు పేరు కింద మొదటి రెండు మాటలు ఆటోలోనే పడ్డాయి.

కళ్లం అంటే ఇక్కడ పసుపు ఆరబోసే నేల. ఎటు చూసినా పచ్చటి పసుపు కొమ్ములే, ఎండకు కళ్లు చెదిరాయి. ఆడవాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకుని కొమ్ములను తిరగేస్తున్నారు. రోడ్డు పక్కన నీలం టార్పాలిన్ కింద రాజన్న హోటల్. హోటల్ అంటే నాలుగు బల్లలు, ఒక పెద్ద గ్యాస్ పొయ్యి, వెనక రెండు గదుల ఇల్లు. పొయ్యి చూసి నేను అక్కడే ఆగిపోయాను. దాని చుట్టూ నాలుగు ఇనుప కమ్ములు నిలబెట్టి, వాటి మధ్య గంజు, అంటే అన్నం వండే పెద్ద గిన్నె, కదలకుండా బిగించి ఉంది. అలాంటి పొయ్యిని మా ఊళ్లో బోట్ల మీదే చూశాను. కదలని నేల మీద, బండరాళ్ల ఊళ్లో, అన్నం గంజుకు ఆ బందోబస్తు ఏమిటి?

రాజన్నకు యాభై ఉంటాయి. సన్నగా, నల్లగా, చెవి మీద పెన్నుతో ఉన్నాడు. అప్పలరాజు పేరు చెప్పగానే గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అప్పలరాజన్న ఊరి బిడ్డవా? అయితే నాకు చెల్లెవే. కూసో. గా కమ్ములు చూస్తున్నవా? అందరు నవ్వుతరు. ఏం చెయ్యాలె, కమ్ములు లేకుంటే నాకు చెయ్యాడది." మధ్యాహ్నం భోజనాలకు ఇంకా రెండు గంటలుంది. ఆయన ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పాడు, నేను ఎదురుగా కూర్చుని రాసుకున్నాను.

ఆయన గల్ఫ్‌కు పోయింది క్లీనింగ్ పనికి. పోయాక పంపింది బోటు మీద వంటకు. సముద్రం చూడటం అదే మొదలు. "మొదటి దినం ఏం చేసిన్నో ఎర్కనా? ఈడ పెండ్లిళ్లల్ల వండినోన్ని గద. గంజు మెడదాక నింపితేనే మర్యాద, సగం గంజు పెడితే పిసినారోడంటరు. గట్లనే పప్పు మెడదాక నింపిన. బోటు ఒక్క పాలి లేశింది, పడ్డది. పప్పంత నా కాళ్ల మీద." లుంగీ కొంచెం ఎత్తి చూపించాడు. పాదాల మీద తెల్లటి మచ్చలు. "అప్పలరాజన్న మందు రాసుకుంట తిట్టిండు. ‘కెరటమొత్తుంటే గిన్నె నింపుతావేట్రా’ అన్నడు. గా దినం సంది నేను ఒకటే పట్టు పట్టిన. ఏ కెరటమో చెప్పున్రి, అప్పుడు పొయ్యి ముట్టిస్త."

ఇక చూడండి నా సంబరం. తరగ అంటే నీటి మీద ముడతల్లాంటి చిన్న కదలిక. తరగ రోజున గంజు మెడదాకా నింపొచ్చు, పులుసు కూడా పెట్టొచ్చు. అల అంటే బోటు ఊగుతుంది గాని మనిషి నిలబడగలడు. ఆ రోజు గంజు ముప్పావు, చారు బంద్. కెరటం అంటే సగం గంజు, అందులోనూ గట్టిగా ఉడికే కిచిడీయే. పక్క కెరటమని ఇంకొకటుంది, బోటును అడ్డంగా కొట్టేది. అది ఉంటే పొయ్యి మీద నూనె పెట్టకూడదు. పొద్దున అల, సాయంత్రం కెరటం అయితే పొద్దున్నే రెండు పూటలకూ వండేయాలి. పుట్టినప్పటినుంచి ఈ మాటలు వింటున్నాను గాని, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కొలత ఉంటుందని నాకు తట్టనే లేదు. మాకు అలైనా కెరటమైనా ఒకటే, నోటికి ఏది వస్తే అది అనేస్తాం.

నా పరువు కాపాడుకోవడానికి నా పట్టిక తీశాను. ఊర్మి, వీచి, తరంగం, కల్లోలం అని గొంతు సవరించుకుని చదివాను. రాజన్న ఉల్లిగడ్డ కోయడం ఆపి శ్రద్ధగా విన్నాడు. "మంచిగున్నయ్ చెల్లె. గీ తరంగం వస్తే గంజు ఎంత నింపాలె?" అన్నాడు. తరంగం రేడియోలో ఉంటుంది, సైన్సు పుస్తకంలో ఉంటుంది, సభల్లో ఉపన్యాసాల్లో ఉంటుంది. మా ఊళ్లో ఒక్క మనిషి కూడా ఒడ్డున నిలబడి తరంగం వస్తోందని అరవగా నేను వినలేదు. ఆ ప్రశ్నను అలాగే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇక మీదట ప్రతి మాటకూ అదే పరీక్ష పెట్టాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

"ఇంతేనా అన్నా, ఇంకా పెద్దది లేదా?" అని అడిగాను. ఆయన ఇంటి వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "ఒకటున్నది. గుడ్డి కెరటం. తల మీద నురగ ఉండది, చీకట్ల కనవడది, సప్పుడు గూడ ఉండది. ఏడికెల్లి వస్తదో తెల్వది. గట్ల ఉన్న దినం పొయ్యి ముట్టియ్యం. ఉల్లిగడ్డ, ఎండు రొట్టె, ఖర్జూరం. అందరం తాళ్లు వట్టుకొని కూసుంటం, గంతే. ఒకసారి నన్ను బోటు మీదికెల్లి ఊడ్సుకపోయింది. అప్పలరాజన్న లుంగీ వట్టి గుంజిండు." ఉల్లిగడ్డ తొక్కలు ఒక పక్కకు నెట్టి అన్నాడు. "గిది మా ఇంటామె భూమికి తెల్వది. ఫోన్ల ఎప్పుడు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు చెల్లె. సాయంత్రం నాలుగింటికి ఏజెంటు వస్తడు, పాస్‌పోర్ట్ తీస్కపోతడు. అదే బోటు ఓనరు మళ్ల పిలుస్తున్నడు. పసుపు సీజన్ మూడు నెలలే నడుస్తది, తర్వాత గీ హోటల్ల ఈగలే. బిడ్డ నిజామాబాద్‌ల నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నది. పోక తప్పది."

చెప్పనని మాటిచ్చాను. మాటల వేటలో ఉన్నవాళ్లు అన్నిటికీ తలూపేస్తారు.

పన్నెండుకు కళ్లాల నుంచి జనం వచ్చి పడ్డారు. చేతులకు పసుపు, ముఖాలకు పసుపు, కూర్చున్న బల్లలకు పసుపు. అరవై రూపాయల ప్లేటులో అన్నం, పచ్చిపులుసు, పప్పు, ఒక జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. నేనూ నీళ్లు అందించాను, ప్లేట్లు తీశాను. ఆ పచ్చిపులుసు రుచికి నేను చేసిన చాకిరీకి చెల్లు. రెండు దాటాక రద్దీ తగ్గింది. రాజన్న గ్యాస్ సిలిండరు కోసం ఊళ్లోకి వెళ్లాడు. నేను వెనక ఇంట్లోకి వెళ్లాను. రాజన్న భార్య భూమవ్వ గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఆమె నన్ను తేరిపార చూస్తోంది. తలుపు పక్క అరలో ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్ట్ ఉంది.

"అలల పేర్లు రాసుకపోతానికి వచ్చినవంట గద చెల్లె. ఆయన ఎన్ని చెప్పిండు?" అంది. నాలుగు అన్నాను. అయిదోది మింగేశాను. ఆమె చాట పక్కన పెట్టి లేచి, బియ్యం డబ్బా వెనకనుంచి చుట్టి కట్టిన కాగితాల కట్ట తెచ్చింది. విప్పితే పాత క్యాలెండర్లు, ఆరేళ్లవి. పాల లెక్క, గ్యాస్ బుకింగ్ రాసుకునే మామూలు తెలుగు క్యాలెండర్లే. కానీ ప్రతి తేదీ గడిలో పెన్నుతో వేసిన చిన్న గంజు బొమ్మ ఉంది. ఒక గడిలో మెడదాకా గీతలు నింపిన గంజు. ఒక గడిలో ముప్పావు. ఇంకో గడిలో సగం. నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది, అర్థమయ్యాక మళ్లీ మొదటి గడి నుంచి చూశాను.

"గల్ఫ్ పోయినోళ్లను ఎట్లున్నవంటే ఏమంటరు? మంచిగున్న అంటరు. కాలిరిగినోడు గూడ మంచిగున్ననే అంటడు" అంది భూమవ్వ. "మా వాడల ఒక్క ఆడిది గూడ గా మాట నమ్మది. ఈయన పోయిన కొత్తల ఒకసారి ఫోన్ల చెప్పిండు, నీళ్లు గిట్లుంటే గంజు గింత నింపాలె, గట్లుంటే గంత అని. చెప్పి మరిచిండు. నేను మరవలే. గప్పటి సంది ఎట్లున్నవని అడగలే. ఏం వండినవ్ అని అడిగిన. బోటు ఒడ్డుకొచ్చినప్పుడు ఫోన్ చేస్తుండె. సోమవారం ఏం వండినవ్, మంగళవారం ఏం వండినవ్, అన్ని అడిగి ఏసుకున్న. వంటోడు పానం గురించి అబద్ధం చెప్తడు గని వంట గురించి చెప్పడు."

"అల బొమ్మ వేయలేదేం వదినా?" అని అడిగాను. "అల ఎట్లుంటదో నాకేం ఎర్క? గంజు ఎర్క" అంది.

ఇన్నేళ్లు ఈ సంగతి ఆయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే వంట గురించి గూడ అబద్ధం షురూ చేస్తడు గద!" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమె వేలు ఒక గడి మీద ఆగింది. అక్కడ గంజు బోర్లించి ఉంది. అలాంటివి ఆరేళ్లలో పదకొండు. ఆమె ఎంచి పెట్టుకుంది. "గీ దినాలు ఏం వండలే అన్నడు. ఎందుకంటే గ్యాస్ అయిపోయింది అన్నడు. పదకొండు సార్లు గ్యాస్ అయిపోతదా? గిది ఏ అల చెల్లె? నీకు చెప్పిండా?"

మాటిచ్చిన నోరు కదా, పెగల్లేదు. సముద్రం నా పుట్టింటి ఆస్తి అనుకున్న నేను నేల చూపులు చూశాను. భూమవ్వ నా ముఖం చూసి, క్యాలెండర్లన్నీ ఒళ్లోకి తీసుకుంది. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలుంది.

బయట రాజన్న తిరిగొచ్చి సిలిండరు బిగిస్తున్నాడు. భూమవ్వ వెళ్లి క్యాలెండర్లు బల్ల మీద పరిచింది. ఆయన ముందు గంజు బొమ్మలు చూసి నవ్వబోయాడు. తర్వాత ఒక గడి చూశాడు, ఇంకో గడి చూశాడు, కాగితం తిప్పాడు. నవ్వు పోయింది. బల్ల మీద కూలబడ్డాడు. ఆమె బోర్లించిన గంజు మీద వేలు పెట్టి ఒక్కటే అడిగింది. "గీ దినం ఏ కెరటం?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పలేదన్నట్టు అడ్డంగా తలూపాను. రోడ్డు మీద ఏజెంటు స్కూటీ వచ్చి ఆగింది. రాజన్న తల వంచుకుని, బడిలో పిల్లాడిలా, చిన్న గొంతుతో అన్నాడు. "గుడ్డి కెరటం."

"గుడ్డి కెరటం" అని ఆమె ఒకసారి పలికి చూసింది. "నువ్వు ఏం వండలే అని ఫోన్ల చెప్పిన పదకొండు నాళ్లు నేను గూడ ఈడ పొయ్యి ముట్టియ్యలే. బిడ్డకు పక్కింట్ల పెట్టిచ్చిన. ఎందుకమ్మా అని అడిగితే గ్యాస్ అయిపోయిందని చెప్పిన."

ఆ మాటకు నేను ఏడ్చేశాను. సిగ్గేమీ లేదు, ఏజెంటు ముందే ఏడ్చాను. రాజన్న క్యాలెండర్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఏజెంటు మంచివాడే, కుర్చీ లాక్కుని చెమట తుడుచుకుంటూ "పాస్‌పోర్ట్ రెడీనా అన్నా?" అని అడిగాడు. రాజన్న లేచి, మిగిలిన అన్నం, పప్పు ప్లేటులో పెట్టి ఆయన ముందుంచాడు. "నేను పోత లేను తమ్మీ. బోటు ఓనరుకు వేరే వంటోన్ని చూసుకోమను. గాని జర ఒక్క మాట చెప్పు. గా వచ్చెటోనికి ముందుగాల అలల పేర్లు నేర్పమను. అడిగినంకనే పొయ్యి ముట్టియ్యమను." ఏజెంటుకు ముక్క అర్థం కాలేదు. ఆకలి మీదున్నాడేమో, తలూపి తినడం మొదలుపెట్టాడు.

సీజన్ అయ్యాక ఏం చేస్తారన్నదానికి భూమవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. భీమ్‌గల్ వైపు పెళ్లిళ్లకు వంట ఒప్పుకోవచ్చు, తాను కూడా గరిటె పడుతుంది. ఎంత వస్తుందో ఎవరికి తెలుసు! కెరటాలు తగ్గాక స్నానం చేద్దామంటే అయ్యే పనేనా అని మా ఊళ్లో అంటారు, అదే అన్నాను. రాజన్న గట్టిగా నవ్వాడు. బయల్దేరేముందు వదినను మా ఊరు రమ్మన్నాను, సముద్రం చూపిస్తానన్నాను. ఆమె క్యాలెండర్లు చుట్టి దారం కడుతూ అంది. "ఆరేండ్లు చూసిన గద చెల్లె. సాలు."

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉదయం బస్సుకే బయల్దేరండి, ఎండ ముదిరేలోపు కళ్లాలు చూసేయొచ్చు. ఆరబోసిన పసుపు మధ్యకు మాత్రం చెప్పులతో వెళ్లకండి, ముందు అక్కడి ఆడవాళ్లను అడగండి. సాయంత్రం హైదరాబాద్ బస్సులు తరచుగానే ఉన్నాయి. నేను ఐదున్నర బస్సుకు వచ్చేశాను.

బస్సులో నోటుపుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. నిఘంటువుల నుంచి ఎత్తి రాసిన మాటలన్నిటికీ ఎదురుగా అర్థాలు చక్కగా ఉన్నాయి. ఒక మాట అర్థం దాన్ని చెప్పేవాళ్ల దగ్గరే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. వినేవాళ్ల దగ్గర ఎంత ఉంటుందో ఆ రోజే తెలిసింది. గుడ్డి కెరటం అని రాసి, నురగ లేని అల, చీకట్లో కనబడనిది అని రాజన్న చెప్పినట్టే రాశాను. తర్వాత మాటను ఎలా వాడతారో రాయాల్సిన చోట ఉదాహరణ కోసం వెతుక్కోలేదు. ఆ రోజు ఆర్మూరులో ఒక ఇంట్లో పొయ్యి వెలగదు అని రాశాను.